పిట్టల లెక్క

పిల్లలూ! పరుగు పందెం, స్పెల్లింగ్ బీ మీకు తెలుసు. పిట్టలను చూసే పోటీ గురించి విన్నారా? 2011లో వచ్చిన ‘ది బిగ్ ఇయర్’ అనే హాస్యచిత్రం కథ అదే. దర్శకుడు డేవిడ్ ఫ్రాంకెల్. స్టీవ్ మార్టిన్, జాక్ బ్లాక్, ఓవెన్ విల్సన్ నటించారు. జనవరి 1 నుంచి డిసెంబరు 31 లోపల ఎవరు ఎక్కువ రకాల పక్షులను చూస్తారో వారిదే గెలుపు.

ఈ సినిమాకు ఆధారం 1998లో నిజంగా జరిగిన పోటీ. దాని మీద మార్క్ ఓబ్మాసిక్ 2004లో పుస్తకం రాశారు. పోటీదారులు ముగ్గురు: పైకప్పుల కాంట్రాక్టరు శాండీ కొమీటో, కంపెనీ అధికారిగా పనిచేసిన ఆల్ లెవాంటిన్, అణు విద్యుత్ కేంద్రంలో ప్రోగ్రామరు గ్రెగ్ మిల్లర్. మిల్లర్ అప్పుడు చేస్తున్నది వైటూకే పని. మన తెలుగువారు ఎందరో ఈ దేశానికి వచ్చింది ఆ పని మీదే కదా!

ముగ్గురూ అలాస్కా చివరనున్న అట్టూ దీవి దాకా వెళ్ళారు. ఆసియా పక్షులు గాలికి దారి తప్పి అక్కడ వాలతాయి. ఏడాది చివరికి కొమీటో లెక్క 745. తర్వాత సవరించగా 748 అయింది. 2013లో నీల్ హేవర్డ్ దాన్ని దాటేవరకు అదే రికార్డు.

ఈ ఆటలో నీతి

ఈ పోటీకి అంపైరు లేడు. ఫోటో చూపించి తీరాలన్న నియమం లేదు. కూత విని గుర్తుపట్టినా లెక్కే. అబద్ధం రాస్తే పట్టుకునేవారు ఉండరు. అయినా తోటివారు నమ్ముతారు. మాట మీద నమ్మకం పోతే ఎన్ని వందలు రాసుకున్నా విలువ సున్నా. ఇంట్లో తెలుగు చదివిన నిమిషాలు పట్టికలో నింపేటప్పుడు మనమూ ఆడేది ఈ ఆటే!

సినిమాలో మరో మంచి ఘట్టం ఉంది. ప్రోగ్రామరు బ్రాడ్, గుండెజబ్బు నుంచి కోలుకుంటున్న తండ్రితో మంచులో గుడ్లగూబను వెతుకుతాడు. తండ్రి వెనకబడితే పిట్టను వదిలి ఆయన కోసం వెనక్కి వస్తాడు. చూస్తే, నాన్నకే ఆ గుడ్లగూబ కనబడి ఉంటుంది! లెక్కలో గెలిచిన బోస్టిక్‌కు మాత్రం చివరికి సంసారం మిగలదు.

కొత్త మాటలు

పిచ్చుక – కిచకిచ
కాకి – కావుకావు
పావురం – కువకువ
వడ్రంగిపిట్ట – చెట్టును ముక్కుతో తొలిచేది
లకుముకిపిట్ట – నీటిలోకి దూకి చేపను పట్టేది

అభ్యాసం

1. ఏటా ఫిబ్రవరిలో నాలుగు రోజులు ‘గ్రేట్ బ్యాక్‌యార్డ్ బర్డ్ కౌంట్’ జరుగుతుంది. ఇదీ 1998లోనే మొదలైంది. కనీసం 15 నిమిషాలు పెరటి పిట్టలను లెక్కపెట్టండి. చూసినవే రాయండి.
2. కార్డినల్ మన ఊళ్ళలో ఉండదు. దాని రంగు, జుట్టు, కూత ఎలా ఉంటాయో ఫోనులో తాతయ్యకో అమ్మమ్మకో తెలుగులో చెప్పండి. దానికొక తెలుగు పేరు పెట్టమని అడగండి.
3. పాలపిట్ట ఏ రాష్ట్రపు పక్షి? రామచిలుక ఏ రాష్ట్రపు పక్షి? (జవాబు: తెలంగాణ, ఆంధ్రప్రదేశ్)

తల్లిదండ్రులకు మనవి: ఆ 15 నిమిషాలు మీరూ పిల్లల పక్కన నిలబడండి. పేరు తెలియని పిట్టను పిల్లలు “అదేమిటి?” అని తెలుగులో అడిగితే, అదీ ఒక లెక్కే!