మెడ బిళ్ళలు, లింఫోమా, ఒక వైరస్



లింఫోమా అని తేలిన రోగి ఇంటివారు మమ్మల్ని తరచుగా అడిగే ప్రశ్న ఒకటుంది: "ఇది వైరస్ వల్ల వస్తుందంట గదా, మా పిల్లలకు అంటుతుందా?" కొందరైతే అడగకుండానే రోగికి కంచం, గ్లాసు వేరు చేసేస్తున్నారు. అందుకే ఈసారి ఆ వైరస్ సంగతి వివరంగా తెలుసుకొందాము.

దాని పేరు ఎప్‌స్టీన్-బార్ వైరస్. ఉగాండాలో పనిచేసిన డెనిస్ బర్కిట్ అనే సర్జన్, అక్కడి పిల్లల దవడలకు వచ్చే ఒక కంతిని గూర్చి 1958లో వ్రాశారు. అది ఏయే ప్రాంతాల్లో ఉందో తెలుసుకొనుటకు ఆఫ్రికాలోని ప్రభుత్వ, మిషన్ ఆసుపత్రులకు ఉత్తరాలు పంపారు. లండన్‌లో ఎప్‌స్టీన్, అచాంగ్, బార్ అనే ముగ్గురు ఆ కంతి కణాల్లో ఈ వైరస్‌ను చూసి 1964లో ప్రకటించారు. బర్కిట్ ఆ పిల్లలకు వాడిన మందుల్లో మెథోట్రెక్సేట్ ఒకటి. అది మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారి బృందం అమెరికాలో తయారుచేసిన మందు!

ఇక మన ఒంట్లో జరిగేది చూద్దాము. రోగక్రిములతో పోరాడే కణాల్లో బి కణాలు ఒక రకం. ఇవి ఎముక మూలుగలో పుట్టి, మెడ, చంక, గజ్జల్లోని లింఫు గ్రంథుల్లో తర్ఫీదు పొందుతాయి. క్రిమి వచ్చినప్పుడు త్వరత్వరగా రెట్టింపవుతూ, తమ జన్యువులను కొద్దికొద్దిగా మార్చుకొంటాయి. క్రిమిని బాగా పట్టగల కణానికి "బ్రతుకు" అనే సంకేతం అందుతుంది. పరీక్ష తప్పిన కణం చనిపోతుంది, చనిపోవాలి కూడా. ఈ వైరస్ సరిగ్గా బి కణంలోనే కాపురం పెడుతుంది. అది చేసే రెండు ప్రోటీన్లు ఆ బ్రతుకు సంకేతాన్ని అచ్చంగా అనుకరిస్తాయి. పరీక్ష తప్పినవాడికి దొంగ సర్టిఫికెట్ దొరికినట్టన్నమాట. పోవలసిన కణం మిగిలిపోతుంది. హాడ్జ్‌కిన్ లింఫోమాలో కనిపించే పెద్ద కణాలు ఇలా తప్పి మిగిలిన బి కణాల నుండి వచ్చినవే. మన దేశపు పిల్లల హాడ్జ్‌కిన్ కేసుల్లో ఎక్కువ వాటిలో ఈ వైరస్ కనబడింది.

అయితే భయపడవద్దు. పెద్దవారిలో నూటికి తొంభైమందికి పైగా ఈ వైరస్ ఉన్నవారే. మన వద్ద చాలామందికి పసితనంలోనే ఉమ్మి ద్వారా వచ్చేస్తుంది. టి కణాలు దాన్ని కావలి కాస్తాయి. హెచ్‌ఐవీ వలనో, అవయవ మార్పిడి తర్వాత వాడే మందుల వలనో ఆ కావలి సడలితే ముప్పు పెరుగుతుంది. లింఫోమా రోగికి హెచ్‌ఐవీ పరీక్ష చేయించమనేది అందుకే, అనుమానంతో కాదు. కాన్సరు మాత్రం ఒకరి నుండి ఒకరికి అంటదు. ఒకే కంచంలో తిన్నా అంటదు. కీమో జరుగుతున్నప్పుడు జలుబు, జ్వరం ఉన్నవారే రోగికి దూరంగా ఉండాలి.

మా అసలు దిగులు వేరు. మెడ మీద బిళ్ళ అనగానే టీబీ అనుకొంటాము. అనేకసార్లు అది నిజమే. జ్వరం, రాత్రి చెమటలు, బరువు తగ్గడం రెంటిలోనూ ఉంటాయి గనుక చూపుతో తేల్చలేము. ముక్క పరీక్ష చేయకుండా నెలల తరబడి టీబీ బిళ్ళలు మింగితే విలువైన కాలం పోతుంది. స్టెరాయిడ్ వాడితే బిళ్ళ తాత్కాలికంగా కరిగి, ముక్క తీసినా జబ్బు దొరకకపోవచ్చు. హాడ్జ్‌కిన్ రకం సకాలంలో వైద్యం అందితే చాలామందికి పూర్తిగా నయమవుతుంది.

మూడు వారాలు దాటినా తగ్గని బిళ్ళ ఉంటే చూపించుకోండి. అనకాపల్లి వారికి అగనంపూడిలోని హోమీ భాభా కాన్సర్ ఆసుపత్రి దగ్గరే. వెళ్ళేటప్పుడు పాత రిపోర్టులు, ముక్క పరీక్ష జరిగి ఉంటే దాని స్లైడ్లు, బ్లాకు, ఆధార్, రేషన్ కార్డులు వెంట తీసుకొని వెళ్ళండి.