పోటీ పరీక్షల ప్రత్యేకం: అద్దెను బట్టి ఇంటి విలువ

అద్దె ఇంటి విలువ కట్టే ప్రధాన పద్ధతి ఆదాయ మూలధనీకరణ. సూత్రం: విలువ = నికర వార్షిక ఆదాయం ÷ మూలధనీకరణ రేటు.

హైదరాబాద్ నాచారంలో మూడు పోర్షన్ల ఇల్లు, నెలకు మొత్తం అద్దె రూ.30,000 అనుకుందాం. ఏడాదికి రూ.3,60,000. ఏ పోర్షన్‌కో టులెట్ బోర్డు వేలాడే రోజులుంటాయి కాబట్టి ఒక నెల అద్దె తీసేయాలి. ఆస్తి పన్ను, మోటారు మరమ్మతు, సున్నం, రంగులకు రూ.42,000 పోతే మిగిలేది రూ.2,88,000. రేటు 4 శాతమైతే విలువ రూ.72 లక్షలు, 3 శాతమైతే రూ.96 లక్షలు. ఒక్క శాతానికే రూ.24 లక్షల తేడా! అసలు కిటుకంతా రేటు ఎంపికలోనే ఉంది. రేటు తగ్గితే విలువ పెరుగుతుంది.

బ్యాంకు ఈఎంఐని ఖర్చుల్లో కలపకూడదు. అభ్యర్థులు ఎక్కువగా తప్పేది ఇక్కడే.

అయితే అద్దె ఒక్కటే ధరను తేల్చదు. నాచారం పక్కనున్న ఉప్పల్‌నే చూడండి: ఉప్పల్ మున్సిపాలిటీ 2007లో జీహెచ్‌ఎంసీలో కలిసింది. ఉప్పల్ మీదుగా నాగోల్–అమీర్‌పేట మెట్రో 2017 నవంబరులో మొదలైంది. ఇలాంటి చోట కొనేవారు భవిష్యత్తు ధరనూ లెక్కేస్తారు కనుక అద్దె లెక్క కంటే మార్కెట్ ధర ఎక్కువ పలకవచ్చు.

గుర్తుంచుకోండి: ఆదాయపు పన్ను చట్టం ప్రకారం అద్దె ఆదాయంపై ప్రామాణిక తగ్గింపు నికర వార్షిక విలువలో 30 శాతం.