కానుగ నూనెతో ఆయిల్ ఇంజను నడుస్తుందా?

మార్కాపురం, గిద్దలూరు ప్రాంతాల్లో కానుగ చెట్టు ఎరుగనివారు లేరు. గట్ల మీద, వాగుల వెంట దానంతటదే పెరుగుతుంది. ఆకు పొలానికి ఎరువు, పుల్ల పళ్ళు తోముకోను, నూనె వెనకటికి దీపానికి. "మరి ఇంజనుకెందుకు పోయకూడదురా?" అని మా నాయన అడిగాడు. బావి మీద ఇంజను డీజిలు తాగుతుంటే చూసే ఏ రైతైనా అడిగే ప్రశ్నే. సైన్సు చదువుతున్నవాణ్ణి గనుక నాకు తెలిసినంతలో జవాబు రాస్తున్నాను.

ఇది కొత్త ఊహ కాదు. 1900లో పారిస్ ప్రదర్శనలో ఒక డీజిల్ ఇంజనును వేరుశనగ నూనెతో నడిపి చూపించారు. మన దగ్గరికొస్తే, నాటి ఆదిలాబాద్ జిల్లా పవర్‌గూడలో గిరిజన మహిళలు కానుగ మొక్కలు పెంచి, గింజలాడించి నూనె తీశారు. ఆ నూనెను డీజిలుకు బదులు వాడితే తగ్గే 147 టన్నుల బొగ్గుపులుసు వాయువుకు గాను 2003లో ప్రపంచ బ్యాంకు వారికి 645 డాలర్లు ఇచ్చింది.

అయితే ఆడించిన నూనెను తిన్నగా ట్యాంకులో పోయడం తగదు. అది డీజిలు కంటే పది రెట్లకు పైగా చిక్కన. నాజిల్‌లోంచి సన్నని తుంపరగా రాదు. పెద్ద బొట్లుగా పడి, సగం కాలి మసి కడుతుంది. మొదటి రోజు ఇంజను బాగానే నడుస్తుంది, మోసమంతా అక్కడే ఉంది! పోనుపోను నాజిల్ మూసుకుపోతుంది, రింగులు పట్టేస్తాయి.

నూనె అణువులో మూడు కొవ్వు ఆమ్లాల గొలుసులు ఒకే గ్లిసరిన్‌ను పట్టుకుని ఉంటాయి. చిక్కదనానికి కారణం ఇదే. మిథనాల్, కొద్దిగా కాస్టిక్ సోడా చేర్చి 60 డిగ్రీల దగ్గర కలియబెడితే ఆ గొలుసులు గ్లిసరిన్‌ను వదిలి మిథనాల్‌ను పట్టుకుంటాయి. గ్లిసరిన్ అడుక్కు దిగుతుంది. పైన తేలిందే బయోడీజిల్. లీటరు నూనెకు పావు లీటరు మిథనాల్ కావాలి. లెక్క ప్రకారం అందులో సగమే చాలు గాని, చర్య పూర్తిగా ముందుకు సాగాలంటే మిగతా సగమూ ఉండాలి.

కానుగతో ఇంకో చిక్కుంది. నిలవ గింజల నూనెలో విడి ఆమ్లాలు ఎక్కువ. సోడా తగలగానే అవి సబ్బవుతాయి. అందువల్ల ముందొక విడత గంధకికామ్లంతో శుద్ధి చేసుకోవాలి. ఇది వంటింటి పని కాదు సుమా. మిథనాల్ ఆవిరి మంటనందుకుంటుంది, కడుపులోకి పోతే చూపు పోతుంది, ప్రాణమూ పోవచ్చు. పొయ్యి మీద ఎవరూ చేయకండి. పవర్‌గూడలో లాగా పదిమంది కూడి, తెలిసినవారి చేత చేయించడమే మేలు.

చలి దేశాల్లో ఇళ్ళు వెచ్చబెట్టుకునే ఆయిల్ బర్నర్లలో కూడా ఈ మిశ్రమం వాడతారు. అమెరికాలో ఆ నూనె ప్రమాణాల్లో 2008లో 5 శాతం బయోడీజిల్‌కు చోటిచ్చారు. బర్నరుకైనా మన ఇంజనుకైనా జాగ్రత్త ఒకటే. బయోడీజిల్ పాత ట్యాంకులోని మడ్డిని కదిలించి ఫిల్టరుకు తెస్తుంది, రబ్బరు పైపులను మెత్తబరుస్తుంది. పది పాళ్ళలో రెండు మించకుండా కలిపి, మొదటి ట్యాంకు అయ్యాక ఫిల్టరు మార్చాలి.

ఇక గింజల లెక్క. కిలో నూనెకు దాదాపు నాలుగు కిలోల గింజలు కావాలి. కూలి పెట్టి ఏరిస్తే గిట్టదని నా అభిప్రాయం, మన గట్టు మీదివి మనమే ఏరుకోవాలి. మిగిలిన మూడు కిలోల చెక్క పొలానికి మంచి ఎరువు. గొడ్లకు మాత్రం పెట్టకూడదు.