తప్పు పాటలో ఉందా, ల్యాప్‌టాప్‌లో ఉందా?
ఇంట్లో పిల్లల పాట రికార్డు చేసే తల్లిదండ్రులకు కొన్ని సూచనలు



వార్షికోత్సవం దగ్గర పడుతుందంటే మన ఉదయగిరి, ఆత్మకూరు పిల్లల ఇళ్లలో పాటల ప్రాక్టీసు మొదలవుతుంది. ఇప్పుడు చాలామంది ఆ పాటను ల్యాప్‌టాప్‌లో రికార్డు చేసి టీచరుకు వినిపిస్తున్నారు. ఇది మంచి అలవాటు. స్టూడియో కోసం నెల్లూరు దాకా వెళ్లక్కర్లేదు. పిల్లలు తమ పాటను తామే విని దిద్దుకోవచ్చు.

అయితే మొదటి రికార్డింగ్ సరిగా రాకపోతే ఇంట్లో సాధారణంగా రెండు మాటలు వినిపిస్తాయి. "మైకు బాగోలేదు, కొత్తది కొందాం" అనేది ఒకటి. "నీకు తాళం నిలవడం లేదు" అనేది ఇంకొకటి. మొదటి మాట వల్ల డబ్బు ఖర్చవుతుంది. రెండో మాట విన్న పిల్లలు కొందరు పాడటమే మానేస్తారు. అందుకే ఆ రెండు మాటల్లో ఏదైనా అనే ముందు అసలు లోపం ఎక్కడుందో చూద్దాం.

పద్ధతి చాలా తేలిక. శబ్దం నడిచే దారి వెంటే వెతకాలి: గది, మైకు, వైరు, విండోస్, సాఫ్ట్‌వేర్, చివరికి ఫైలు. ఒకసారికి ఒక్క మార్పే చేసి, పది సెకన్లు రికార్డు చేసి వినండి. ఒకేసారి నాలుగు మార్చేస్తే ఏది పనిచేసిందో తెలియదు.

ఇక్కడ ఉదాహరణకు ఆడాసిటీ అనే సాఫ్ట్‌వేర్ తీసుకున్నాను. ఇది 2000లో విడుదలైంది, నేటికీ ఉచితమే. దాని అధికారిక వెబ్‌సైటు నుంచి మాత్రమే దించుకోండి.

1. అసలు శబ్దమే రావడం లేదా?

ముందు విండోస్ సెట్టింగ్స్‌లో 'ప్రైవసీ అండ్ సెక్యూరిటీ'కి వెళ్లి 'మైక్రోఫోన్' తెరవండి. అక్కడ డెస్క్‌టాప్ యాప్‌లకు మైకు వాడే అనుమతి ఆన్‌లో ఉండాలి. అది ఆఫ్‌లో ఉంటే ఎంత ఖరీదైన మైకు పెట్టినా గీత కదలదు.

తరువాత వైరు పిన్ను చూడండి. హెడ్‌ఫోన్‌కీ మైకుకీ కలిపి ఒకే రంధ్రం ఉన్న ల్యాప్‌టాప్‌కు, పిన్ను మీద మూడు నల్ల గీతలున్న హెడ్‌సెట్ కావాలి. రెండే గీతలుంటే ఆ పిన్ను హెడ్‌ఫోన్‌కు మాత్రమే పనికొస్తుంది, మైకు పలకదు.

ఆడాసిటీ తెరిచాక మైకు పెట్టారా? అలాగైతే 'ఆడియో సెటప్'లో 'రీస్కాన్' నొక్కి, జాబితాలో మీ మైకును ఎంచుకోండి.

2. హోరు, గుంయ్‌మనే మోత

ఫ్యాను ఆపి ఒకసారి రికార్డు చేయండి. తేడా మీకే తెలుస్తుంది. శ్లాబు గదిలో టైల్స్ నేల ఉంటే గొంతు ప్రతిధ్వనిస్తుంది. పరుపు, దుప్పట్లు, బట్టల బీరువా ఉన్న గదిలో పాడించండి. అవి శబ్దాన్ని పీల్చుకుంటాయి.

సన్నగా, ఆగకుండా మోత వస్తుంటే ఛార్జరు తీసి బ్యాటరీ మీద నడపండి. మోత పోయిందంటే అది కరెంటు నుంచి వస్తున్నదే. ఎర్త్ సరిగా ఉన్న వేరే ప్లగ్గులో పెట్టి చూడండి.

కర్ణాటక సంగీతం నేర్చుకునే పిల్లల తల్లిదండ్రులు ఇంకొకటి గమనించాలి. తంబూరా శ్రుతి వచ్చిపోతూ, పొడుగ్గా పట్టిన స్వరం మధ్యలో సన్నగిల్లుతుంటే పిల్లల ఊపిరిని అనుమానించకండి. ల్యాప్‌టాప్‌లో శబ్దాన్ని 'శుభ్రం' చేసే ఏర్పాటు ఉంటుంది. అది ఫోన్ మాటల కోసం చేసినది. ఒకే తీరుగా సాగే ఏ ధ్వనినైనా ఫ్యాను హోరు అనుకుని అణిచేస్తుంది. సౌండ్ సెట్టింగ్స్‌లో మీ మైకు పేరు మీద నొక్కి 'ఆడియో ఎన్‌హాన్స్‌మెంట్స్' ఆపేయండి.

3. గొంతు పగిలినట్టు వస్తోందా?

పై స్థాయిలో పాడినప్పుడు గరగరలాడితే రికార్డింగ్ స్థాయి మితిమీరిందని అర్థం. మీటరులో పాట గట్టిగా వచ్చే చోట్ల మైనస్ 12 నుంచి మైనస్ 6 డెసిబెల్స్ మధ్య ఉండాలి. సున్నాను తాకితే అక్కడ ధ్వని తెగిపోతుంది. తరువాత ఏ ఎడిటింగూ దాన్ని పూర్తిగా తిరిగి తేలేదు. స్థాయి తగ్గించి మళ్లీ పాడించడమే దారి. మైకు నోటికి జానెడు దూరంలో, కొంచెం పక్కకు ఉంటే గాలి దెబ్బ కూడా తగలదు.

4. తాళం వెనకబడుతోందా?

పిల్లలు ఎక్కువగా నొచ్చుకునేది ఇక్కడే. ట్రాక్ వింటూ పాడతారు. అప్పుడు అంతా సరిగ్గానే ఉంటుంది. వినిపిస్తే మాత్రం గొంతు తాళం వెనక నడుస్తుంది.

ట్రాక్ హెడ్‌ఫోన్‌కు చేరడానికి, గొంతు మైకు నుంచి లోపలికి వెళ్లడానికి కంప్యూటర్ కొంత సమయం తీసుకుంటుంది. నిమిషానికి 120 దెబ్బలు పడే పాటలో ఒక్కో దెబ్బకు అర సెకను. అందులో 100 మిల్లీసెకన్ల ఆలస్యమంటే దెబ్బలో ఐదో వంతు. చెవికి స్పష్టంగా తెలిసిపోతుంది.

ఇది పిల్లల తప్పో యంత్రం తప్పో తేల్చుకోవడానికి ఒక గుర్తు ఉంది. మొదటి నుంచి చివరి దాకా ఆలస్యం ఒకేలా ఉంటే అది దాదాపుగా యంత్రానిదే. ఒకచోట ముందుకు, ఒకచోట వెనక్కి పోతుంటే అప్పుడు ప్రాక్టీసు కావాలి.

ఆలస్యాన్ని కొలవవచ్చు కూడా. ఆడాసిటీలో 'రిథమ్ ట్రాక్' తయారు చేసి, హెడ్‌ఫోన్‌ను మైకుకు ఆనించి, అదే శబ్దాన్ని రెండో ట్రాకులో రికార్డు చేయండి. పెద్దదిగా చేసి చూస్తే రెండు దెబ్బల మధ్య ఎడం కనిపిస్తుంది. ఆడియో సెట్టింగ్స్‌లో 'లేటెన్సీ కాంపెన్సేషన్' దగ్గర మామూలుగా మైనస్ 130 అని ఉంటుంది. రికార్డయిన దెబ్బ ఇంకా 70 మిల్లీసెకన్లు వెనక ఉంటే దాన్ని మైనస్ 200 చేయండి.

బ్లూటూత్ హెడ్‌సెట్ మాత్రం ఈ పనికి వద్దు. ఆలస్యం పెరుగుతుంది, దాని మైకు వాడగానే నాణ్యత ఫోన్ కాల్ స్థాయికి పడిపోతుంది. మామూలు వైరు హెడ్‌ఫోన్ చాలు.

5. "ఇది నా గొంతు కాదు"

రికార్డింగ్ విని పిల్లలు ఈ మాట అంటే నవ్వకండి. మన గొంతు మనకు గాలి ద్వారానే కాక పుర్రె ఎముకల ద్వారా కూడా వినిపిస్తుంది. అందుకే లోపల కాస్త గంభీరంగా ఉంటుంది. రికార్డింగ్‌లో గాలి ద్వారా వచ్చిందే ఉంటుంది కాబట్టి పలచగా అనిపిస్తుంది. ఇతరులు రోజూ వినే గొంతు ఇదేనని చెప్పండి. నాలుగైదు సార్లు వింటే అలవాటవుతుంది.

6. ఎడిటింగ్ ఎంతవరకు?

పాటకు ముందు రెండు సెకన్లు నిశ్శబ్దంగా రికార్డు చేయండి. తంబూరా కూడా ఆ తరువాతే మొదలుపెట్టండి. ఆ భాగాన్ని ఎంచుకుని 'నాయిస్ రిడక్షన్'లో 'గెట్ నాయిస్ ప్రొఫైల్' నొక్కండి. తరువాత పాట మొత్తం ఎంచుకుని 6 డెసిబెల్స్‌తో మొదలుపెట్టండి. 12 దాటించకండి. ఎక్కువ తీస్తే గొంతు నీళ్లలోంచి వచ్చినట్టుంటుంది.

స్వరం తప్పిన చోట సాఫ్ట్‌వేర్‌తో సరిచేయకండి, మళ్లీ పాడించండి. 1966లో ఎస్.పి. బాలసుబ్రహ్మణ్యం గారు తొలి సినిమా పాట పాడిన కాలంలో గాయకులు, వాద్యకారులు కలిసి ఒకేసారి పాట పూర్తి చేయాల్సి వచ్చేది. ఒకరు తప్పితే అందరూ మళ్లీ మొదలుపెట్టేవారు. మన పిల్లలకు ఎన్నిసార్లయినా పాడే వీలుంది. ఆ వీలును నేర్చుకోవడానికే వాడుకోనిద్దాం. టీచరు వినాల్సింది కూడా పిల్లలు నిజంగా పాడిన పాటనే.

7. పంపిన ఫైలు తెరుచుకోవడం లేదా?

'సేవ్' చేస్తే వచ్చేది ఏయూపీ3 ఫైలు. అది ఆడాసిటీలోనే తెరుచుకుంటుంది, ఫోన్‌లో పలకదు. పంపడానికి 'ఎక్స్‌పోర్ట్' చేసి ఎంపీ3గా మార్చండి. మూడు నిమిషాల పాట 128 కేబీపీఎస్‌లో సుమారు 3 ఎంబీ అవుతుంది. ఏయూపీ3ని మాత్రం తీసేయకండి, మళ్లీ దిద్దాలంటే అదే కావాలి. రికార్డింగ్ మధ్యలో ల్యాప్‌టాప్ ఆగిపోతే కంగారుపడకుండా ఆడాసిటీని మళ్లీ తెరవండి. అది 'రికవర్' చేయమంటారా అని అడుగుతుంది.

ఈ ఆదివారం చేయాల్సింది ఇంతే: ఫ్యాను ఆపండి, వైరు హెడ్‌ఫోన్ పెట్టండి, మీటరు చూసుకుని ఒక్క పల్లవి రికార్డు చేయండి. పిల్లలతో కలిసి కూర్చుని వినండి. ముందు బాగున్నచోటు చెప్పండి. ఏదైనా తేడా ఉంటే పై దారి వెంట ఒక్కొక్కటిగా వెతకండి. ఆ వెతకడం పిల్లల చేతే చేయించండి. ఇంకా తేలకపోతే, తల్లిదండ్రుల సమావేశానికి వచ్చేటప్పుడు ల్యాప్‌టాప్, హెడ్‌సెట్ తెచ్చుకోండి. కలిసి చూద్దాం. కొత్త మైకు కొనాలా వద్దా అన్నది ఆ తరువాత ఆలోచించవచ్చు.