బేత విజయాదిత్యుని పక్షదిన పాలనము

తూర్పు చాళుక్యుల తామ్రశాసనములందు వంశావళితో బాటు ఒక్కొక్క రాజు ఏలిన కాలమును గూడ చెప్పు ఆచారము కలదు. కుబ్జవిష్ణువర్ధనునకు 18 ఏండ్లు, ఇంద్రభట్టారకునకు 7 దినములు, గుణగ విజయాదిత్యునకు 44 ఏండ్లు. రెండవ అమ్మరాజు పట్టాభిషేకము శక 867 (క్రీ.శ. 945)లో జరిగినట్లు శాసనమే చెప్పుటచే, ఈ అంకెలను వెనుకకు లెక్కించియే ఫ్లీట్ పండితుడు వేంగీ రాజుల కాలక్రమమును కూర్చెను. ఆ లెక్కకు అరమాసము ఎక్కువైనను తక్కువైనను బాధ లేదు. కావుననే కాబోలు బేత విజయాదిత్యుని చరిత్రకారులు ఒక్క వాక్యముతో దాటిపోవుదురు.

మొదటి అమ్మరాజు ఏడేండ్లు పాలించి క్రీ.శ. 925 ప్రాంతమున గతించెను. ఆయన కుమారుడైన ఈ విజయాదిత్యుడు అప్పటికి బాలుడు; కంఠికా విజయాదిత్యుడనియు ఇతనికి పేరు. పట్టము కట్టిన పక్షము దినములకే, గుణగ విజయాదిత్యుని తమ్ముడైన యుద్ధమల్లుని కొడుకు తాలరాజు ఇతనిని వెడలగొట్టెను. తాలునకు దక్కినది ఒక్క మాసము. అతనిని చంపి చాళుక్యభీముని కుమారుడు విక్రమాదిత్యుడు పదునొకండు మాసము లేలెను.

ఇచ్చట పరిశీలింపదగినది శాసనకవుల వాక్యరచన. కొన్ని శాసనములు విజయాదిత్యుని కర్తగా నిలిపి, పక్షకాలము పాలించెనని అందరు రాజులతో సమముగా చెప్పును. రెండవ అమ్మరాజు శాసనములు కొన్నింట ఈతనికి వేరుగ కాలము లేదు. బాలుని వెడలగొట్టి తాలుడు మాసమేలెనను వాక్యములో ఈతడు కేవలము కర్మ. క్రియ ఒకరిది, అవమానము వేరొకరిది! ఈ రెండవ అమ్మరాజు విజయాదిత్యుని పినతండ్రి కుమారుడే. అన్నగారి శాఖకు రాజ్యార్హత చెప్పుట ఈతని శాఖకు అవసరము గాదు. కాలవాచకమునకు మాత్రము అంతట ద్వితీయయే. అత్యంతసంయోగమున వచ్చు ద్వితీయ ఎడతెగని వ్యాప్తిని మాత్రమే చెప్పును. ఫలసిద్ధిని చెప్పదలచినచో తృతీయ రావలెను. నలువది నాలుగేండ్లకును, ఒక్క మాసమునకును అదే విభక్తి.

బాబిలోనులో క్రీ.పూ. 556లో రాజైన లబాషి మర్దుకును బాలుడనియే బెరోసస్ వ్రాసెను. కుట్రదారు లతనిని చంపిరి. బెరోసస్ చెప్పిన తొమ్మిది మాసములు, నాటి మట్టిపలకలపై నున్న తేదీలతో పొసగవు. అవి రెండు మూడు మాసములకు మించి చూపవు. అచ్చట అంగడి లావాదేవీల పత్రములు సాక్ష్యము. ఇచ్చట దాయాదుల దానపత్రములు. దాయాదుల సాక్ష్యమును ఎక్కువ జాగ్రత్తతో చదువవలసి యుండును.

లబాషి మర్దుకు ప్రాణముతో బయటపడలేదు. విజయాదిత్యుడు బయటపడెను. పిఠాపురము కుంతీమాధవాలయమున శక 1124 (క్రీ.శ. 1202) నాటి మల్లపదేవుని శాసనము ఈ పక్షదిన రాజునే తమ శాఖకు మూలపురుషునిగా నెన్నినది. అప్పటికి వేంగీ సింహాసనమున చాళుక్యుడెవ్వడును లేడు.