న్యాయము – మూడు అధ్యాయములు

న్యాయమనగా తీర్పు అని నేటి లోకవ్యవహారము. న్యాయస్థానము, న్యాయవాది, న్యాయమూర్తి అను మాటల సాహచర్యముచేత ఆ శబ్దమున కీ యర్థమే పాతుకొన్నది. పాణిని త్రోవ వేరు. ‘ని’ అను ఉపసర్గము మీద గత్యర్థకమైన ‘ఇణ్’ ధాతువునుండి, అభ్రేషమను అర్థమున, న్యాయశబ్దమును ఆయన సాధించెను. అభ్రేషమనగా తప్పిపోకుండుట, ఏది యెట్లు జరుగవలెనో అది యట్లు జరుగుట. ఇందు వాది లేడు, ప్రతివాది లేడు, సభయు లేదు. చెందవలసినది అడుగకయే చెందుట న్యాయము.

యాజ్ఞవల్క్యస్మృతికి మూడధ్యాయములు: ఆచారము, వ్యవహారము, ప్రాయశ్చిత్తము. సంఘమున న్యాయము ధరించు మూడు రూపములును ఇవియే యని నా తలంపు. వివాదము పుట్టకుండ కాపాడునది మొదటిది. పుట్టినదానిని తీర్చునది రెండవది. మూడవదాని మాట పిమ్మట.

వ్యవహారమునకు సభ లనేకములు. బంధువుల కూటము, వృత్తిసంఘము, ఊరివారి సమూహము, వీని కన్నిటికిని పైన రాజు నియమించిన సభ. మనువు వివాదములను పదునెనిమిదింటిగా లెక్కించెను. వానిలో మొదటిది ఋణాదానము, అనగా అప్పు తీర్చుట. కూలి ఎగవేయుటయు వానిలో నొకటి యగుట గమనింపదగినది. అన్నిటికంటె ఇంటింటికిని తగులునది దాయవిభాగము.

ఈ విషయమున ప్రమాణము మితాక్షర. చాళుక్య చక్రవర్తి ఆఱవ విక్రమాదిత్యుని కాలమున విజ్ఞానేశ్వరుడు రచించిన ఆ వ్యాఖ్యను పదమూడవ శతాబ్దమున కేతన తెనుగు పద్యములలోనికి తెచ్చెను. తండ్రి పోయిన పిమ్మట సోదరులు పంచుకొనునపుడు అవివాహితయైన సోదరికి నాల్గవపాలు ఈయవలెనని స్మృతి. పెండ్లిఖర్చు మాత్రమే దాని తాత్పర్యమని ఒక పక్షము. విజ్ఞానేశ్వరుడు దానిని త్రోసిపుచ్చి, కన్యయు దాయమున అంశభాగినియే యని నిర్ణయించెను. లెక్కయు చూపెను. ఇద్దరు సోదరులు, ఒక సోదరి యున్నచో ధనమును మూడు భాగములు చేసి, అందొక భాగమును నాలుగు చేసి, వానిలో నొకపాలు ఆమె కీయవలెను. ఆరెకరముల పొలమైనచో అరయెకరము.

ఈ లెక్కను నేను ముప్పది యేండ్లు విద్యార్థులకు బోధించితిని. మా యింట ఆరెకరములే యుండెను.

1983లో తండ్రిగారు గతించిన పిదప అన్నగారును నేనును చెరి మూడెకరములు పంచుకొంటిమి. తల్లి అంతకు మునుపే లేదు. నాకు ఇరువదినాలుగేండ్లు, మితాక్షర అప్పటికే గురుముఖమున చదివియుంటిని. చెల్లెలికి పందొమ్మిదేండ్లు, అవివాహిత. 1956 నాటి హిందూ వారసత్వ చట్టము ననుసరించి తండ్రి వంతులో ఆమెకును పాలు కలదు. దానిని వదలుకొన్నట్లు హక్కు విడుదల పత్రముపై ఆమెచేత సంతకము చేయించితిమి. మరుసటి యేడు పెండ్లి చేసి, ఖర్చు మేమే పెట్టుకొంటిమి గదా యని తృప్తిపడితిమి. విజ్ఞానేశ్వరుడు త్రోసిపుచ్చిన వాదమే మాకు శరణ్యమైనది!

తరువాత చట్టములు మాఱినవి. ఆంధ్రప్రదేశ్‌లో 1985 సెప్టెంబరు 5 నుండి వర్తించునట్లు కుమార్తెకు కుమారునితో సమానమైన హక్కు వచ్చెను. అంతకు ముందు వివాహమైనవారికి లేదు. 2005లో కేంద్రచట్టము ఆ భేదమును తొలగించినను, 2004 డిసెంబరు 20వ తేదీకి ముందు జరిగిన పంపకములను కదలింపలేదు. కాబట్టి మా చెల్లెలు రెండింటికిని వెలియే. మమ్ము ఏ సభకును ఎవరును పిలువరు. వ్యవహారాధ్యాయము మా యెడ ముగిసినది.

మూడవ యధ్యాయము ఇట్టివారికొఱకే. దీనిని జపదానములతో సరిపెట్టుకొనువా రెక్కువ. నేనును కొన్నియేండ్లు అట్లే చేసితిని. కాని మనుస్మృతి పదునొకండవ యధ్యాయమున, పరధనము హరించినవాడు దానిని ముందు స్వామికి చేర్చి, పిమ్మట కృచ్ఛ్రము నాచరింపవలెనని కలదు. వరుస తలక్రిందులైనచో ఉపవాసము వట్టి ఆకలి.

అరయెకరమా, నేటి చట్టము చెప్పు సమభాగమా అను సందేహము నన్ను కొంతకాలము బాధించెను. అడుగుటకు స్మృతియే చాలునని లోభము చెప్పెను. సమభాగమునకు ఆమెకు రెండెకరములు. అందు నా వంతు ఒక యెకరము. నా సంతానము సమ్మతించిరి. అన్నగారు తమ యెకరమును గూర్చి యింకను ఆలోచించుచున్నారు.

దస్తావేజు లేఖరి దానపత్రము వ్రాసి తెచ్చెను. ఈయవలసినది ఈయుట ఋణము తీర్చుటయే కాని దానము కాదు, ఆ మాట మార్చుడంటిని. దీనికి వేఱు నమూనా లేదని ఆయన చెప్పెను. పత్రము చదివిన చెల్లెలు, “దానమా, అన్నయ్యా?” అని అడిగినది.