చాటు నకలు ఎవరి మేలు కొరకు?



ఉత్తరములు వ్రాయు అలవాటు తగ్గినదని అందరము అనుకొందుము గాని, ఉత్తరములు తగ్గలేదు. వాటి రూపము మారినది. కోలారు బంగారు గనుల పట్టణములోనైనను, బరంపురములోనైనను, షోలాపూరులోనైనను, యానాములోనైనను ఈ-మెయిల్ వ్రాయువారు ఒక్కరైనను లేని తెలుగు ఇల్లు నేడు అరుదు. సంఘ కార్యదర్శి సభా ప్రకటన పంపును. కుమారుడు ఆఫీసు పని మీద వ్రాయును. కోడలు పిల్లల చదువును గూర్చి పాఠశాలకు వ్రాయును. వీరందరి ఎదుట పేర్లు వ్రాయు గడులు మూడుండును. మూడవ గడిని ఎప్పుడు వాడవలెను, ఎప్పుడు వాడరాదు అనునదే ఈ పాఠము.

1. మూడు గడులు

మొదటి గడి ‘టు’. ఎవరికి వ్రాయుచున్నామో, ఎవరి నుండి జవాబు కోరుచున్నామో వారి చిరునామా ఇక్కడ ఉండవలెను. రెండవది ‘సీసీ’, అనగా కార్బన్ కాపీ. సంగతి తెలిసియుండుటకు మాత్రమే వీరికి పంపుదుము. ఈ రెండు గడులలోని పేర్లు అందరికిని కనబడును. మూడవది ‘బీసీసీ’, అనగా బ్లైండ్ కార్బన్ కాపీ. ఇందులోని వారికి ఉత్తరము చేరును గాని, చేరినట్లు మిగిలినవారికి తెలియదు. దీనిని మేము ‘చాటు నకలు’ అని పిలుచుదుము.

ఈ మాటలు టైపు మిషను కాలము నాటివి. కార్బన్ కాగితమునకు 1806లో ఇంగ్లాండులో రాల్ఫ్ వెడ్జ్‌వుడ్ పేటెంటు పొందెను. తరువాతి కాలపు టైపిస్టులు కాగితముల నడుమ కార్బన్ పెట్టి ఒకేసారి మూడు నాలుగు నకళ్లు తీసెడివారు. చాటున ఎవరికైనను నకలు పంపవలెనన్న, అసలు కాగితమును మిషను నుండి తీసివేసి, ఆ పేరును నకళ్ల మీద మాత్రమే కొట్టెడివారు. 1971లో రే టామ్లిన్సన్ నెట్‌వర్కు మీద ఒక కంప్యూటరు నుండి మరియొక కంప్యూటరునకు సందేశము పంపెను. అటుపిమ్మట ఆఫీసు అలవాట్లు మెయిల్‌లోనికి వచ్చినవి. 1982 నాటి మెయిల్ ప్రమాణములో ఈ మూడు గడులును ఉన్నవి.

ఇది పనిచేయు విధము సులభము. తపాలా కవరు మీద చిరునామా వేరు, లోపలి కాగితము మీద వ్రాసిన పేరు వేరు. మెయిల్ యంత్రములు కవరు మీది చిరునామాను చూచి ఉత్తరమును చేరవేయును. చాటు పేర్లు కవరు మీద ఉండును. కాగితము మీద ఉండవు.

2. కాపాడు చాటు

ఒకరినొకరు ఎరుగని అనేకులకు ఒకే ఉత్తరము పంపునప్పుడు చాటు నకలు వాడుట మర్యాద మాత్రమే కాదు, బాధ్యత. ఒకని చిరునామా అతని సొత్తు. మనకు ఇచ్చినాడు గాని, దానిని ఊరందరికి పంచుమని చెప్పలేదు.

ఇందులో ఏమరుపాటు ఎంత పని చేయునో చూడుడి. 2015 సెప్టెంబరులో లండనులోని ఒక క్లినిక్కు, హెచ్.ఐ.వి. సేవలు పొందువారి కొరకు సిద్ధపరచిన వార్తాలేఖను 781 మందికి మెయిల్ చేసెను. చిరునామాలు మూడవ గడిలో పెట్టుటకు మారుగా అందరికి కనబడు గడిలో పెట్టిరి. వాటిలో 730 చిరునామాలలో మనుష్యుల పూర్తి పేర్లున్నవి. మరుసటి సంవత్సరము అక్కడి సమాచార కమిషనరు ఆ ఆసుపత్రి ట్రస్టునకు 1,80,000 పౌండ్ల జరిమానా విధించెను.

2021 సెప్టెంబరులో బ్రిటిషు రక్షణ శాఖ ఇట్టి పొరపాటే చేసెను. తాలిబానులు అధికారమునకు వచ్చిన తరువాత ఆఫ్ఘనిస్తాను విడిచి రాగోరిన 245 మంది చిరునామాలు వారందరికిని కనబడునట్లు పంపిరి. అందులో ఒకరు ‘అందరికి జవాబు’ నొక్కి తాను ఉన్న చోటు కూడ తెలిపెను. ఆ జాబితా పగవారి చేతికి చిక్కినయెడల ప్రాణములకే అపాయము. 2023 డిసెంబరులో ఆ శాఖకు 3,50,000 పౌండ్ల జరిమానా పడెను.

మన దేశములో 2017 ఆగస్టు 24న సుప్రీంకోర్టు తొమ్మిదిమంది న్యాయమూర్తుల ధర్మాసనము, వ్యక్తిగత గోప్యత ప్రాథమిక హక్కు అని ఏకగ్రీవముగా తీర్పు చెప్పెను. ఆ వ్యాజ్యము వేసినవారిలో మొదటివారు కర్ణాటక హైకోర్టు విశ్రాంత న్యాయమూర్తి పుట్టస్వామిగారు. 2023లో పార్లమెంటు డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టము చేసెను. దాని నియమములు 2025 నవంబరులో వెలువడెను. అయితే చట్టము రాకమునుపే ఇరుగుపొరుగు మర్యాద ఈ సంగతి మనకు నేర్పినది. జబ్బు మనిషి కొరకు సహాయము కోరుచు వందమందికి వ్రాయునప్పుడు, ఆ వందమంది చిరునామాలు బయటపెట్టనక్కరలేదు.

3. మోసపుచ్చు చాటు

ఇదే గడిని మరియొక పనికి వాడువారు కలరు. ఒక ఉదాహరణము ఊహించుదము. ఒక సంఘములో భవన మరమ్మతుల లెక్కలను గూర్చి కార్యదర్శికిని కోశాధికారికిని తేడా వచ్చినది. “అన్నా, ఇది మన ఇద్దరి మధ్యే ఉండనివ్వండి. ఆ రెండు రసీదులు ఎక్కడున్నాయో కాస్త చెప్పండి” అని కార్యదర్శి వ్రాసెను. కాని మూడవ గడిలో మరి ఇద్దరు పెద్దల పేర్లు చేర్చెను. కోశాధికారి నమ్మి, ఇంటిలో భార్య జబ్బును గూర్చియు, అప్పును గూర్చియు చెప్పుకొనెను. ఆ జవాబు కార్యదర్శికి మాత్రమే చేరినది. అయితే కార్యదర్శి దానికి తిరిగి వ్రాయుచు మరల ఆ ఇద్దరిని చాటున చేర్చగా, క్రింద అంటియున్న పాత ఉత్తరమంతయు వారికి వెళ్లినది.

వారిలో ఒకరు మంచి మనస్సుతోనే “తమ్ముడూ, ఓపిక పట్టు” అని ‘అందరికి జవాబు’ నొక్కెను. ఆ మాట కోశాధికారికి కూడ చేరినది. ఒక్క నొక్కుతో చాటు తొలగిపోయినది. రసీదులు రేపైనను దొరకవచ్చును. పోయిన నమ్మకము అట్లు దొరకదు.

‘మన ఇద్దరి మధ్యే’ అను మాట వ్రాయకపోయినను తప్పు తప్పే. పైన ఒక్క పేరే కనబడినప్పుడు, ‘మీతో ఒక్కరితోనే మాటలాడుచున్నాను’ అని ఆ ఉత్తరమే చెప్పుచున్నది. చాటున నిలిచి వినుటను మన పెద్దలు ఎన్నడును మర్యాద అనలేదు. ఒకరిని తీసికొనివచ్చి చాటున నిలుపుట అంతకంటె చెడ్డది. ఆఫీసు నచ్చనియెడల మారవచ్చును గాని, పరాయి రాష్ట్రములో మూడు నాలుగు తరములుగా ఒకరికొకరు ఆసరాగా ఉన్న పదిహేను ఇండ్లలో పొరుగువానిని మార్చుకొనలేము.

కనుక చాటు నకలు మంచిదా చెడ్డదా అని అడుగక, ‘ఈ చాటు ఎవరిని కాపాడుచున్నది?’ అని అడుగవలెను. చాటున ఉన్నవారిని కాపాడునది మంచి చాటు. ఎదుట ఉన్నవానిని మోసపుచ్చునది చెడ్డ చాటు.

4. ఒక చిక్కు ప్రశ్న

పై అధికారి బెదిరించుచు వ్రాయుచున్నప్పుడు, క్రింది ఉద్యోగిని తన జవాబును నమ్మదగిన ఒక పెద్దకు చాటున పంపవచ్చునా? బలవంతుని ఎదుట బలహీనురాలు సాక్షిని కోరుట, స్నేహితుని మాటలు దొంగతనముగా వినిపించుటతో సమానము కాదు. ఇక్కడ చాటు బలహీనురాలిని కాపాడుచున్నది. అయినను మూడవ గడి అంత క్షేమము కాదు; ఆ పెద్ద పొరపాటున అందరికి జవాబిచ్చినయెడల ఆమెకే హాని. ఆమె తాను పంపిన ఉత్తరమును తరువాత వేరుగా ఆ పెద్దకు పంపుట మేలు. ఆఫీసు కాగితములు బయటివారికి పంపరాదను నియమము ఉన్నదేమో ముందుగా చూచుకొనవలెను.

5. పాటించవలసిన మర్యాదలు

(అ) అనేకులకు పంపునప్పుడు ‘టు’ గడిలో మీ చిరునామాయే పెట్టుడి. మిగిలినవి మూడవ గడిలో ఉంచుడి. ‘ఈ ఉత్తరము సభ్యులందరికిని పంపబడినది’ అని మొదటి వరుసలోనే తెలుపుడి.

(ఆ) వ్యాధి, అప్పు, కుటుంబ తగవు వంటి సున్నితమైన సంగతులకు మూడవ గడిని కూడ నమ్ముకొనక, ఒక్కొక్కరికి వేరుగా పంపుడి. గడి మారుటకు ఒక్క క్షణము చాలును.

(ఇ) మూడవవారు వినవలసిన సంగతియైనయెడల వారిని ‘సీసీ’లో బహిరంగముగా పెట్టుడి. పెట్టుటకు మనస్సు ఒప్పకపోయినయెడల ఆ ఉత్తరమును మరల ఆలోచించుడి.

(ఈ) ఇద్దరిని పరిచయము చేసిన పెద్దమనిషిని ఇకమీదటి ఉత్తరముల నుండి తప్పింపగోరినప్పుడు, ‘వారికి కృతజ్ఞతలు, వారిని బీసీసీలోనికి మార్చుచున్నాను’ అని వ్రాసి మార్చుడి. చెప్పి చేసిన చాటులో మోసము లేదు.

(ఉ) మీకు చాటు నకలు వచ్చినయెడల ‘అందరికి జవాబు’ నొక్కకుడి. అట్లు వినుట మీకు ఇష్టము లేనియెడల పంపినవారితో మృదువుగా చెప్పుడి.

(ఊ) వాట్సాప్ గుంపులకును ఇదే మర్యాద వర్తించును. సాధారణ గుంపులో ఒకరి ఫోను నంబరు మిగిలినవారికి కనబడును. అడుగకుండ ఎవరిని చేర్చకుడి. ప్రకటన మాత్రమే పంపవలసియున్నయెడల బ్రాడ్‌కాస్టు జాబితా చాలును.

6. చర్చకు ప్రశ్నలు

1. మీ సంఘ ప్రకటనలు పంపునప్పుడు సభ్యుల చిరునామాలు ఎవరెవరికి కనబడుచున్నవి? వారి సమ్మతి ఉన్నదా?

2. ‘సీసీ’లో పెట్టుటకు వెనుకాడి ‘బీసీసీ’లో పెట్టిన పేరు ఏదైనను ఉన్నదా? ఎందుకు వెనుకాడితిమి?

3. మీరు చాటున చేర్చిన పేరు రేపు బయటపడినయెడల, ఉత్తరము అందుకొనినవాని ముఖము చూచి మాటలాడగలరా? మాటలాడలేనియెడల ఆ పేరును ఈ రోజే తీసివేయుడి.